మూడో కౌంటరు పిన్ని

కాలేజీలు తెరిచే వారం వచ్చిందంటే చాలు, ఆ సరుకుల కొట్లో మూడో కౌంటరు ముందు వరుస తలుపు దాకా సాగేది. పక్కన రెండు కౌంటర్లు ఈగలు తోలుకుంటున్నా సరే, మన ఊళ్ల నుంచి పరదేశం చదువుకని కొత్తగా విమానం దిగిన పిల్లలంతా వచ్చి అక్కడే నిలబడేవాళ్లు. ఓనరు రెండుమూడుసార్లు "ఇటు రండి, ఇటు ఖాళీ" అని పిలిచి చూశాడు. ఒక్కరూ కదల్లేదు. ఆ కౌంటర్లో పిన్ని ఉంది మరి.

పిన్నికి యాభై మూడేళ్లు. పొద్దున తొమ్మిదికి నిలబడితే సాయంత్రం ఆరుకి గాని కాళ్లకి విశ్రాంతి లేదు. కూరగాయల నంబర్లన్నీ ఆవిడకి నోటికే వచ్చు. వంకాయ తూకం మీద పడేలోపే వేళ్లు మీటల మీద ఆడిపోతాయి. ఆవిడ సంచి సర్దడం చూడాల్సిందే. బరువువి అడుగున, మెత్తనివి పైన, గుడ్ల అట్ట నిలువుగా గోడవారకి. ఆఖర్న రెండు చేతులూ కలిపి ఒక ముడి వేస్తుంది, బస్సులో సంచి ఒరిగినా ఒక్క టమాటా జారదు. ముడి వేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది. "ఎప్పుడొచ్చావు? ఎక్కడుంటున్నావు? వంటొచ్చా? అమ్మతో మాట్లాడావా ఇవాళ?" అంతే. మొదటి రోజు "మేడం" అన్నవాళ్లు మూడో రోజుకి "పిన్నీ" అనేవాళ్లు. నెలల తరబడి పరాయి భాషలో పొడిపొడిగా బతకబోయే పిల్లలకి ఆ రెండు నిమిషాలూ ఇంటికెళ్లొచ్చినట్టుండేది.

ఆ సోమవారం మధ్యాహ్నం ఒక సన్నపాటి అమ్మాయి వచ్చి బల్ల మీద ఒక ఉల్లిపాయ పెట్టింది. తర్వాత ఒక టమాటా. ఒక బంగాళాదుంప. ఒక పచ్చిమిరపకాయ.

పిన్ని మిరపకాయని తూకం మీద పెట్టింది. యంత్రం సున్నా చూపించింది. అటు తిప్పి పెట్టింది. మళ్లీ సున్నానే.

"ఇది బరువు తూగే బాపతు కాదు తల్లీ, ఊరికే తీసుకుపో" అని నవ్వింది పిన్ని. ఆ పిల్ల కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఎన్ని కొనాలో తెలీక ఒక్కొక్కటీ తీసుకున్నా. పాడైపోతే అనవసరం కదా."

"ఎప్పుడు దిగావు?"

"తొమ్మిది రోజులైంది."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"అమ్మ, తమ్ముడు." సంచి వైపు చూస్తూ అంది. "తమ్ముడు నాతో మాట్లాడట్లేదు. నన్ను పంపడానికి వాడి కాలేజీ ఒక ఏడాది ఆపేశారు. అమ్మ ఫోనిస్తుంటే పక్క గదిలోకి వెళ్లిపోతాడు." చివరి మాట పూర్తి కాకుండానే కళ్లనీళ్లు కారిపోయాయి. పిన్ని ఉల్లిపాయని సంచిలో పెట్టడం ఆపి, బల్ల మీదుగా చెయ్యి చాపి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

అప్పుడే అల్లుడు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో బుట్ట, బుట్టలో ఒక పెరుగు డబ్బా. వారానికి మూడు రోజులు వచ్చి ఆ ఒక్క డబ్బా పట్టుకుని బియ్యం బస్తాల దగ్గరా పప్పుల దగ్గరా గంటసేపు తిరుగుతాడు. ఏదో ఆరోగ్యపు పొడి అమ్మే వ్యాపారం అతనిది. మనుషుల్ని కలవాలి, పరిచయాలు పెంచుకోవాలి అంటాడు. పిన్నికి అది నచ్చదు, కానీ అల్లుడితో ఏమంటుంది?

"అత్తయ్యగారూ, భోంచేశారా? వేళకి తినకపోతే మీ అమ్మాయి నన్ను తిడుతుంది" అన్నాడు, వరుసలో అందరికీ వినపడేట్టు. ఆ పిల్ల వైపు తిరిగి చిన్నగా నవ్వి, పెరుగు డబ్బా తీసుకుని పక్క కౌంటరుకి వెళ్లాడు.

"మీ అల్లుడుగారా పిన్నీ?" అంది ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ.

"అవునమ్మా" అంది పిన్ని.

ఆ సాయంత్రం ఇంట్లో వంటగది గట్టు దగ్గర కూతురు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది. ఇల్లు కూతురిది. పిన్ని ఉండేది అందులో వెనక గది. ఆ గదిలో సగం పొడి డబ్బాల అట్టపెట్టెలే. ముందు గదిలోనూ అవే. మెట్ల మీద, మంచాల కింద, బట్టల బీరువా పైన కూడా. ఇంట్లో ముగ్గురికీ మూడు దారులు. అల్లుడు చెవిలో ఫోను పెట్టుకుని తిరుగుతుంటాడు, కూతురు చేతిలో ఫోను పెట్టుకుని కూర్చుంటుంది. ఈ కూర తరిగే గంట మాత్రం కూతురు ఫోను పక్కన పెట్టి తల్లి ఎదురుగా కూర్చుంటుంది. రోజు మొత్తంలో పిన్ని ఎదురుచూసేది ఆ గంట కోసమే.

"ఇవాళ ఎవరొచ్చారమ్మా కొత్తవాళ్లు?" అంది కూతురు.

పిన్ని పిల్లల్ని అనుకరించి చూపించడంలో దిట్ట. గడ్డం నిమురుకుంటూ బేరమాడే కళ్లద్దాల కుర్రాణ్ణి చూపించింది. ఒకళ్ల కొంగు ఒకళ్లు పట్టుకున్నట్టు తిరిగే ఇద్దరు పిల్లల్ని చూపించింది. తూకం వేస్తే సున్నా వచ్చిన మిరపకాయ సంగతి చెబితే కూతురు పడీ పడీ నవ్వింది.

"దానికి నేను ఒంటుల్లి అని పేరు పెట్టాను" అంది పిన్ని. "పాపమే, బంగారంలాంటి పిల్ల. తమ్ముడు మాట్లాడట్లేదట. వాడి చదువు ఆపి దీన్ని పంపారట."

"అయ్యో. ఏడ్చిందా?"

"ఏడవకుండా ఉంటుందా? అక్కడే, నా బల్ల ముందే."

"రెండో విడత ఫీజు కట్టేసిందో లేదో మరి, పాపం" అంది కూతురు, ఈనె తీసి పక్కన పడేస్తూ.

"నెలాఖరుకి కట్టాలంది. డబ్బు తెచ్చుకుందిలే" అంది పిన్ని.

* * *

బుధవారం ఒంటుల్లి మళ్లీ వచ్చింది. చేతిలో రొట్టె ప్యాకెట్టు ఒక్కటే. ఉల్లిపాయ లేదు, టమాటా లేదు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"పిన్నీ, నిన్న మీ ఇంటికొచ్చాను! మీరు డ్యూటీలో ఉన్నారట. వదిన ఎంత బాగా చూసుకుందో. దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. ఇక్కడికొచ్చాక ఎవరైనా నాకు వడ్డించడం అదే మొదటిసారి."

"మా ఇంటికా? నిన్నెవరు తీసుకెళ్లారు?"

"అన్నయ్య బస్టాపులో కనబడ్డారు. మీ అల్లుడుగారని గుర్తుపట్టాను. అన్నయ్య ఎంత మంచివారు పిన్నీ! నా మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. నేను నోరు విప్పలేదు, ఒట్టు. 'నీకో తమ్ముడుండి ఉంటాడు, వాడికి నువ్వు బాకీ ఉన్నాననుకుంటున్నావు, వాడి చదువు ఖర్చు నీ చేత్తో నువ్వే పంపే రోజు వస్తుంది' అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. ఎలా తెలిసిందో!"

పిన్ని చేతిలో ఉన్న రొట్టె ప్యాకెట్టు మీద ఎర్రకాంతి పడుతూనే ఉంది. యంత్రం రెండుసార్లు కూసింది. మూడోసారీ కూసింది. ఒక రొట్టెకి మూడు రొట్టెల బిల్లు పడింది. రద్దు చేసే మీట ఎక్కడుందో పిన్నికి కాసేపు కనబడలేదు.

"ఏమేం చెప్పారు ఇంకా?" అంది.

"శనివారం మీటింగుకి రమ్మన్నారు. ముందు మనం పొడి డబ్బాల సెట్టు కొనుక్కుని చేరాలట, తర్వాత మన కింద ఆరుగుర్ని చేర్చాలట. వాళ్ల కింద వాళ్లు చేరుస్తారు. రెండో ఫీజు కట్టే లోపే ఆ డబ్బు వెనక్కొచ్చేస్తుందట." గొంతు తగ్గించింది. "ఆ ఫీజు డబ్బే పెడదామనుకుంటున్నా. అమ్మకి చెప్పలేదు. అయ్యాక చెబుతా."

"తల్లీ, ఆగు. తొందరపడకు. అది చదువుకి తెచ్చుకున్న డబ్బు. నువ్వు..."

ఆ పిల్ల నవ్వింది. సోమవారం నవ్విన నవ్వు కాదు అది. "మీరలాగే అంటారని వదిన ముందే చెప్పింది. మీది పాతకాలపు భయమట, మీరు వద్దంటే ప్రేమకొద్దీ అన్నట్టేనట. మీరున్నారనే కదా పిన్నీ నాకీ ధైర్యం. ముక్కూ మొహం తెలీనివాళ్లయితే వెళ్లేదాన్నా?"

వెనక వరుస ముందుకి తోసింది. ఓనరు దూరం నుంచి గడియారం వైపు చూపించాడు. ఒంటుల్లి రొట్టె తీసుకుని వెళ్లిపోయింది. పిన్ని ఆ తర్వాత వచ్చిన వాళ్లెవరితోనూ మాట్లాడలేదు. సంచులు సర్దుతూనే ఉంది. ఒకరి సంచిలో గుడ్ల మీద నూనె డబ్బా పెట్టేసింది.

ఇంటికి వెళ్లేసరికి కూతురు గట్టు దగ్గర బీన్సు ముందేసుకుని కూర్చుంది. ఫోను పక్కన పెట్టింది. "రామ్మా. ఇవాళ ఎవరొచ్చారు?"

పిన్ని చెప్పులు విప్పకుండానే నిలబడింది. "ఆ పిల్ల తమ్ముడి సంగతి అల్లుడుగారికి ఎలా తెలిసింది?"

కూతురు బీన్సు విరుస్తూ, మామూలుగా అంది. "నువ్వే కదమ్మా చెప్పావు."

"నీకు చెప్పాను. నా కూతురికి చెప్పాను."

"నాకు చెబితే ఆయనకి చెప్పనా? ఏమైందిప్పుడు? మేం ఎవరి జేబైనా కొట్టామా? దిక్కుతోచక ఏడుస్తున్న పిల్లకి ఒక దారి చూపించాం. నువ్వు దాని చెయ్యి పట్టుకున్నావు, బాగానే ఉంది. చెయ్యి పట్టుకుంటే ఫీజు కట్టినట్టా?"

"ఫీజు డబ్బే కదే మీరు గుంజుతున్నది!"

లోపలి గదిలోంచి అల్లుడు వచ్చాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. అందులో శిక్షణ ఇస్తారట. "అత్తయ్యగారూ, మీరు అలిసిపోయి వచ్చారు. కాళ్లు వాచి ఉన్నాయి చూడండి. ఈ వయసులో మీరు నిలబడి పనిచేయకూడదనే నా తాపత్రయం. ఒక్క ఏడాది ఓపిక పట్టండి, ఆ కౌంటరు మొహం చూడనివ్వను." కుర్చీ లాగి ఆవిడ ముందు వేశాడు.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ అంత మర్యాదగా వేసిన కుర్చీని ఏమనగలదు? కూర్చోలేదు. అంతవరకే చేతనైంది. తన గదిలోకి పోయి పొడి డబ్బాల పెట్టెల మధ్య మంచం మీద కూలబడింది.

తిట్లన్నీ ఆ తర్వాత వచ్చాయి, గుంపుగా, వరసపెట్టి. అన్నీ లోపలే తిరిగి లోపలే ఆగిపోయాయి. అల్లుణ్ణి తిట్టింది, కూతుర్ని తిట్టింది. వాగుడుకాయలా రోజూ సాయంత్రం పూసగుచ్చినట్టు చెప్పుకున్న తన నోటిని అందరికంటే ఎక్కువ తిట్టింది. ఎంతమంది సంగతులు చెప్పి ఉంటుంది? తలుచుకోబోతే లెక్క తేలలేదు. పోయినేడు వచ్చిన పిల్లలు కూడా గుర్తొచ్చారు. ఒక కుర్రాడు ఉండేవాడు, రోజూ అరటిపళ్లు కొనేవాడు. చలికాలం మధ్యలో రావడం మానేశాడు. ఊరు మారాడేమో అనుకుంది అప్పట్లో.

* * *

శనివారం పిన్నికి సెలవు. పొద్దున అల్లుడు ముందు గదిలో కుర్చీలు వేస్తున్నాడు. కూతురు తెర మీద బొమ్మలు పడే యంత్రానికి తీగ తగిలిస్తోంది. "అమ్మా, పదకొండింటికి వస్తారు. పదిహేను మందికి టీ పెట్టు, ఏలకులు వెయ్యి. నువ్వు టీ ఇస్తే పిల్లలకి ఇల్లులా ఉంటుంది" అంది.

టీ పొడి కోసం పిన్ని గట్టు కింద సొరుగు లాగింది. టీ పొడి పక్కన తీగచుట్టతో కుట్టిన పుస్తకం ఉంది. కూతురి చేతిరాత. గుండ్రటి అక్షరాలు, చిన్నప్పుడు పలక మీద తను దిద్దించినవి. పేజీకొకరు.

'కళ్లద్దాలు. అప్పు చేసి వచ్చాడు. తండ్రి చేతకానివాడన్నాడని పౌరుషం. మీ నాన్నకి చూపించు అనాలి.'

'ఇద్దరూ జంట. పొడుగుపిల్లని పడితే పొట్టిది దానంతటదే వస్తుంది.'

'రోజూ ఫోన్‌లో ఏడుస్తుంది. అమ్మకి ఆపరేషన్. ఆదివారం భోజనానికి పిలవాలి. తిన్నాకే మాట ఎత్తాలి.'

'ఒంటుల్లి. తమ్ముడి చదువు ఆగింది. తప్పు చేశానని బాధ. అదే కదపాలి. రెండో ఫీజు డబ్బు దగ్గరే ఉంది, నెలాఖరు దాకానే. ఈ శనివారమే.'

ప్రతి పేజీలోనూ తన మాటలే ఉన్నాయి. తను జాలిపడి చెప్పినవి, నవ్వుతూ చెప్పినవి. తను పెట్టిన ముద్దుపేర్లు కూడా వదల్లేదు. పిన్ని పేజీలు తిప్పుతూ పోయింది. అన్నిటికంటే వెనక, విడిగా ఒక పేజీ ఉంది.

'అమ్మ. కూర తరిగేటప్పుడు అడగాలి. పక్కన కూర్చుంటే చాలు, అన్నీ చెబుతుంది. తొందరపెట్టకూడదు. ఫోన్ పక్కన పెట్టాలి.'

పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. పిన్ని పుస్తకం చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండు అనిపించింది. ముందు గదిలో కూతురు ఏదో అంటే అల్లుడు నవ్వాడు. మాటలు వినబడలేదు, నవ్వు మాత్రమే వినబడింది.

మంట తగ్గించింది. టీ పొడి వేసింది, ఏలకులు దంచి వేసింది. పాలు పోసి, పొంగు వచ్చేలోపు పుస్తకంలో పేజీలు ఒక్కొక్కటే చిల్లుల అంచు వెంట చింపింది. తొందరపడలేదు. ఒక్క పేజీ కూడా అడ్డంగా చిరగలేదు.

పదకొండింటికి పిల్లలొచ్చారు. పన్నెండుమంది. అందరూ ఉన్నవాటిల్లో మంచి బట్టలు వేసుకొచ్చారు. పిన్నిని చూసి "పిన్నీ!" అని ముఖాలు విప్పారాయి. కళ్లద్దాల కుర్రాడు ముందు వరుసలో కూర్చున్నాడు. జంట పిల్లలు పక్కపక్కనే. ఒంటుల్లి రెండో వరుస చివర, ఒళ్లో నింపిన ఫారం, చేతిలో పెన్ను.

పిన్ని వంటగది తలుపు సందులోంచి ఎవరెక్కడ కూర్చున్నారో చూసుకుంది. ఎవరి బుట్టలో ఏముంటుందో రోజూ చూసే మనిషి ఆవిడ. ఏ ముఖం ఏ పేజీదో పోల్చుకోవడానికి ఎంతసేపు? పెద్ద పళ్లెంలో కాగితం కప్పులు వరసగా పేర్చింది. ఒక్కో కప్పు కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం. కూర్చున్న వరసలోనే కప్పుల వరస.

ముందు గదిలో తెర మీద నీలం సముద్రం, ఇసుక, పడక కుర్చీలో ఎవరో పడుకున్న బొమ్మ. అల్లుడు చేతులు కట్టుకుని మెత్తగా మాట్లాడుతున్నాడు. "మనల్ని ఇక్కడ కలిపింది డబ్బు కాదు, చెల్లెమ్మా. తమ్ముళ్లూ, డబ్బు కానే కాదు. మనవాళ్లకి మనవాళ్లం కాకపోతే ఈ దేశంలో మనకెవరున్నారు? మీ బాధ నాకు తెలుసు. చెప్పకపోయినా తెలుసు."

పిన్ని పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచింది. ఒక్కొక్కరికీ కప్పు అందిస్తూ, కింద ఉన్న కాగితం వాళ్ల అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "నీదే. చదువుకో" అంది ప్రతి ఒక్కరితోనూ. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు.

"అమ్మ చేతి టీ తాగుతూ వినండి" అన్నాడు అల్లుడు.

మొదట జంట పిల్లల్లో పొట్టిది కాగితం విప్పింది. చదివింది. పొడుగు పిల్లకి చూపించింది. వెనక వరుసలో ఎవరో కప్పు కింద పెట్టారు. కాగితాల మడతలు విప్పుతున్న చప్పుడు గదంతా పాకింది. అల్లుడు ఇంకో రెండు బొమ్మలు మార్చాడు. అందరూ తలలు వంచుకుని చదువుతుంటే, తన మాటలు రాసుకుంటున్నారనుకున్నాడు కాబోలు, ఉత్సాహం పెంచాడు. ముందు తేరుకున్నది కూతురు. పక్కన కూర్చున్న పిల్ల చేతిలో కాగితం మీద తన చేతిరాత చూసింది. ముఖం పాలిపోయింది. లేచి నిలబడి తల్లి వైపు చూసింది.

ఒంటుల్లి చదవడం అయిపోయింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తలెత్తింది. "పిన్నీ" అంది. చిన్న గొంతే, కానీ గదిలో అందరికీ వినబడింది. "తమ్ముడి సంగతి నేను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"అవును తల్లీ" అంది పిన్ని, ఖాళీ పళ్లెం పొట్టకి ఆనించుకుని. "నేనే చెప్పాను. ఇంటికొచ్చి, నవ్వుకుంటూ చెప్పాను. ఇలా రాసుకుంటున్నారని తెలీదు. తెలీకపోయినా చెప్పింది నేనే."

"అత్తయ్యగారికి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు" అన్నాడు అల్లుడు పిల్లలతో. నవ్వు చెరగలేదు. "బీపీ ఎక్కువైతే ఇలాగే ఏదో..."

"నాకు బీపీ లేదు అల్లుడుగారూ. ఉంటే ఈ పొడే తాగమనేవారు కదా."

ఎవరో ఒకరు గభాలున నవ్వి ఆపుకున్నారు. ఒంటుల్లి లేచింది. ఫారం కుర్చీలో వదిలేసి, కాగితాన్ని మాత్రం మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. టీ ముట్టుకోలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఒక పట్టీ ఎంతకీ పడలేదు. పిన్ని దగ్గరికి వెళ్లబోయింది. ఆ పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. పట్టీ వదిలేసి అలాగే వెళ్లిపోయింది. దాని వెనక జంట పిల్లలు. తర్వాత ఇంకో నలుగురు. ఒకమ్మాయి వెళుతూ వెళుతూ కూతురి ముందు ఆగి, "మా అమ్మ ఆపరేషన్ గురించి అడిగినప్పుడల్లా ఎంత ప్రేమగా అడుగుతున్నారో అనుకునేదాన్ని వదినా" అని, జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది.

అందరూ వెళ్లలేదు. ఐదుగురు మిగిలారు. కళ్లద్దాల కుర్రాడు తన కాగితం తిరగేసి మరగేసి చూసి, "ఇందులో తప్పేముంది అన్నయ్యా? మా నాన్న గురించి కరెక్టుగానే రాశారు" అన్నాడు. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. పిన్ని వంటగదిలోకి వెళ్లిపోయింది. గిన్నె తోముతుంటే ముందు గదిలో అల్లుడు మళ్లీ మొదలుపెట్టడం వినబడింది, అదే మెత్తటి గొంతుతో. సముద్రం బొమ్మ దగ్గర నుంచి.

మధ్యాహ్నం దాటాక కూతురు వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది. అరుస్తుందనుకుంది పిన్ని. అరవలేదు. పేజీలన్నీ పోయి తీగచుట్ట, అట్టలూ మిగిలిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, చుట్ట సందుల్లో ఇరుక్కున్న కాగితపు తునకలు గోటితో ఏరుతూ ఉండిపోయింది.

"ఇందులో నన్ను చేర్చిన అక్క ఉంది కదమ్మా" అంది. "నాకు కడుపు పోయినప్పటి సంగతి. రోజూ వచ్చి తల దువ్వేది. ఆవిడ కూడా నాకో పేజీ రాసే ఉంటుంది కదా."

పిన్ని చేతిలో గిన్నె కింద పెట్టింది. "రాసే ఉంటుందే."

"ఏం రాసిందో."

పిన్ని తడిచేత్తోనే కూతురి భుజం పట్టుకుంది. కూతురు కాసేపు ఆ చేతి కింద కదలకుండా నిలబడింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, తునకలన్నీ చెత్తబుట్టలో దులిపి, ఫోను తీసింది. "రేపు ఏడుగురు దిగుతున్నారు" అంది, తెర వైపు చూస్తూ. "ఆయన ఎయిర్‌పోర్టుకి వెళ్లాలి. కారులో పెట్టెలు తీయాలి, చోటు లేదు."

పిన్ని భుజం మీంచి చెయ్యి తీసేసింది.

* * *

సోమవారం పొద్దున మూడో కౌంటరు ముందు వరుస లేదు. పిల్లలు వచ్చారు, సరుకులు తీసుకున్నారు, ఒకటో కౌంటరుకి వెళ్లారు, రెండోదానికి వెళ్లారు. కాగితం అందుకున్నవాళ్లు రాలేదంటే సరే. శనివారం మీటింగుకి రానివాళ్లు కూడా తన దగ్గరికి రాలేదు. కబురు ఎలా పాకిందో, ఏమని పాకిందో. "పిన్నికి చెబితే ఊరంతా తెలుస్తుంది" అని పప్పుల వరుసలో ఎవరో అనడం చెవిన పడింది. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందని పిన్ని వెతకలేదు.

ఓనరు వచ్చి, "ఏమ్మా, ఏం జరిగింది? నీ కౌంటరు ఇలా ఎప్పుడూ లేదే" అన్నాడు.

"జరగాల్సింది జరిగింది సార్" అంది పిన్ని. బిల్లు కాగితం చుట్ట అయిపోకపోయినా విప్పి కొత్తది వేసింది. చేతులకి పని కావాలి.

పన్నెండు దాటాక ఒంటుల్లి వచ్చింది. ఒకటో కౌంటరు దగ్గర నలుగురున్నారు, రెండోది భోజనానికి మూశారు. అటూ ఇటూ చూసి, తప్పదన్నట్టు వచ్చి మూడో బల్ల మీద సరుకులు పెట్టింది. ఈసారి కిలో ఉల్లిపాయలు, బియ్యం, పప్పు. పిన్ని ఒక్కొక్కటీ తూచింది. నోటిదాకా వచ్చిన ప్రశ్నలన్నీ మింగింది. ఫీజు కట్టావా? తమ్ముడు మాట్లాడాడా? భోంచేశావా? ఒక్కటీ అడగలేదు. సంచి సర్ది, చేతులు కలిపి ముడి వేసి ముందుకి జరిపింది.

"థాంక్యూ మేడం" అంది ఆ పిల్ల.

పిన్ని తలూపింది. ఆ పిల్ల అద్దాల తలుపు దాటి వెళుతుంటే అటే చూస్తూ ఉండిపోయింది. అలా చూస్తున్నప్పుడే కనబడింది, రోడ్డుకి అవతల బస్టాపులో ఇస్త్రీ చొక్కా. ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు. పక్కన రెండు పెద్ద పెట్టెలు, విమానం వాళ్లు అంటించిన చీటీలు ఇంకా ఊడలేదు. అల్లుడు చేతులు కట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, వాళ్లు చెప్పేది వింటున్నాడు. అంత శ్రద్ధగా వినేవాడు ఎవరికైనా ముద్దొస్తాడు.

పిన్ని 'మూసి ఉంది' బోర్డు తిప్పి బల్ల మీద పెట్టింది. "ఎక్కడికమ్మా?" అని ఓనరు అడుగుతుండగానే తలుపు తోసుకుని బయటికి నడిచింది. సిగ్నలు పడే దాకా ఆగింది. రోడ్డు దాటింది.

అల్లుడు ఆవిణ్ణి చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. వెంటనే ముఖమంతా నవ్వు చేసుకుని పిల్లల వైపు తిరిగాడు. "చూశారా, మాటల్లోనే వచ్చారు! మా అత్తయ్యగారు. ఎదురు కొట్లోనే పనిచేస్తారు. ఇక్కడ మనవాళ్లందరికీ ఆవిడ పిన్ని."

పిల్లలిద్దరూ నమస్కారం పెట్టారు. వాళ్ల కళ్లల్లో నిద్రలేమి, భయం, తెలుగు వినబడిందన్న సంబరం. పిన్నికి ఆ చూపు బాగా తెలుసు. ఏళ్ల తరబడి తన బల్ల ముందు రోజూ చూసిందే.

"అవునమ్మా, మా అల్లుడే" అంది. పరిగెత్తకపోయినా ఆయాసం వస్తోంది. "అల్లుడు కాబట్టే చెబుతున్నా, పరాయివాళ్లయితే నాకెందుకులే అని ఊరుకునేదాన్నేమో. ఇంట్లో ఎవరున్నారు, ఎందుకేడ్చారు, ఫీజు ఎప్పుడు కడతారు, ఇవేవీ ఈయనకి చెప్పకండి. ఇంటికి రమ్మంటే వెళ్లకండి, అన్నం పెడతానన్నా వెళ్లకండి. ఆ అన్నం నేనే వండుతాను, అయినా చెబుతున్నా."

"అత్తయ్యగారూ..." అన్నాడు అల్లుడు. గొంతు మొదటిసారి పైకి లేచింది.

"నాకూ చెప్పకండి" అంది పిన్ని, అతని వైపు చూడకుండా. "కొట్టుకొస్తే నేను అడుగుతాను. నా నోరు ఊరుకోదు. అడిగినా చెప్పకండి."

బస్సు వచ్చి ఆగింది. పెద్ద పెట్టె ఎక్కించడానికి సాయం చేద్దామని పిన్ని చెయ్యి చాపింది. అల్లుడు కూడా చాపాడు. ఆ పిల్ల చప్పున పెట్టె పిడి రెండు చేతులా పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది, ఇద్దరికీ అందకుండా.

"అదీ. అలాగే ఉండు" అంది పిన్ని.